నది ఒడ్డున రాజు లేడు

అంతోనయ్య మాస్టారి దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాళ్లలో ఎవరికీ పాసివ్ వాయిస్ సరిగ్గా రాదు. దానికి కారణం బెంగుళూరు.

ఆయన బోర్డు మీద మొదటి వాక్యం రాయగానే వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు లేచి, "మాస్టారూ, ఆ బెంగుళూరు వాన సంగతి ఇంకోసారి చెప్పండి" అనేవారు. అంతే, సుద్దముక్క బల్ల మీదికి చేరేది. బెల్లు కొట్టేదాకా ఇక వ్యాకరణం ఊసుండేది కాదు. తిరువూరులో ఇప్పుడు పురుగుమందుల షాపులు నడుపుతున్నవాళ్లు, సచివాలయంలో పనిచేస్తున్నవాళ్లు, మామిడి కాయలు ఢిల్లీకి ఎగుమతి చేస్తున్నవాళ్లు చాలామంది ఆ వాన విన్నవాళ్లే.

అది 1986. అంతోనయ్య మైసూరులో బి.ఎడ్. చదువుతున్నాడు. ఒక శనివారం క్లాస్‌మేట్లతో కలిసి బెంగుళూరు వెళ్లి 'రస్టీ సిగ్నల్' అనే రాక్ బ్యాండు కచేరీ చూశాడు. అప్పటిదాకా ఆయనకు తెలిసిన సంగీతం రెండు రకాలు: చర్చిలో హార్మోనియం, తిరునాళ్లలో సినిమా పాటల ఆర్కెస్ట్రా. ఎలక్ట్రిక్ గిటారు మీద మొదటి దెబ్బ పడగానే ఆ శబ్దం చెవుల్లోకి కాకుండా నేరుగా గుండెల మీదికి వచ్చింది. కాసేపటికి వాన మొదలైంది. ఎవరూ కదల్లేదు. భుజాల దాకా జుట్టున్న రెజ్జీ లోబో అనే గాయకుడు తడిసి ముద్దయిపోయి, ఒక కాలు స్పీకరు మీద పెట్టి, ఆకాశానికి చెబుతున్నట్టుగా పాడాడు: 'నో కింగ్ బై ద రివర్!'

నది ఒడ్డున రాజు లేడు.

"చూశార్రా," అనేవాడు అంతోనయ్య ఇక్కడికి రాగానే. "ఏటి దగ్గర అందరూ దోసిలి పట్టాల్సిందే. అక్కడ కలెక్టరూ లేడు, కూలీ లేడు. ఒక్క లైనులో చెప్పేశాడు మహానుభావుడు. ఏదీ, అందరూ అనండి."

క్లాసంతా ఎలుగెత్తి అనేది. పక్క క్లాసులో లెక్కల మాస్టారు తలుపు వేసుకునేవాడు.

ఆ పాటున్న క్యాసెట్టొకటి అంతోనయ్య మైసూరు నుంచి తెచ్చుకున్నాడు. అది విని విని, అరిగి, చివరికి టేపు లోపలే ముక్కలైపోయింది. ఈమధ్య ఫోన్లో ఏదడిగినా దొరుకుతోంది గానీ రస్టీ సిగ్నల్ మాత్రం దొరకలేదు. దాంతో ఆ కచేరీని దేనితోనూ పోల్చుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది. ఏటికేడు అది పెరిగింది.

"పెళ్లిచూపుల్లో పదివేల మంది జనం అన్నారు," అనేది ఆయన భార్య ప్రేమావతి. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. చర్చిలో పాటల బృందాన్ని నడిపేది కూడా ఆవిడే కాబట్టి సంగీతం మీద ఆవిడకీ కొన్ని అభిప్రాయాలున్నాయి. "మనమ్మాయి గ్లోరి జ్ఞానస్నానం నాటికి ఇరవై వేలైంది. మొన్న రిటైర్మెంటు సభలో యాభై వేలన్నారు. ఇట్లాగే పెంచుకుంటూ పోతే బెంగుళూరు జనాభా చాలదండీ."

"వానలో ఎవరు లెక్కపెట్టారు ప్రేమా?" అనేవాడాయన.

అయితే ఆ ఒక్క లైను వల్ల జరిగిన అసలు సంగతి ఒకటుంది. దాన్ని అంతోనయ్య క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. ఊరే చెప్పుకునేది. ఒకసారి మార్చి నెలాఖర్న ఒక పెద్ద నాయకుడు ఊరికి వస్తున్నాడని బడిపిల్లల్ని రోడ్డు పక్కన వరసగా నిలబెట్టారు. పొద్దున వస్తానన్న మనిషి మిట్టమధ్యాహ్నానికీ రాలేదు. పిల్లలు సొమ్మసిల్లుతున్నారు. అంతోనయ్య ఎవర్నీ అడగలేదు. "పదండ్రా" అని వాళ్లందర్నీ బడి వరండాలోకి తోలుకుపోయి నీళ్లు తాగించి కూర్చోబెట్టాడు. నాయకుడు వచ్చేసరికి రోడ్డు పక్కన కాగితం జెండాలు తప్ప ఏమీ లేవు. "ఇదేం పని?" అని అధికారి ఒకాయన అడిగితే, "నో కింగ్ బై ద రివర్ సార్" అన్నాడట. అక్కడ నదేదీ లేదని అడిగినవాడికి అనుమానం వచ్చిందో లేదో గానీ, వారం తిరక్కుండా పెనుగొలనుకి బదిలీ వచ్చింది. అక్కణ్ణించి వినగడప. మళ్లీ తిరువూరు చేరేసరికి ఆయన జుట్టు సగం తెల్లబడింది. అన్నేళ్లూ సైకిలు తొక్కుతూ ఆ పాటే పాడుకున్నాడు. తన జీవితంలో గర్వంగా చెప్పుకోదగ్గ పని అదొక్కటే అని ఆయనకు లోపల్లోపల ఉండేది.

ఈ మే నెలలో కన్యక ఫోన్ చేసింది. రైస్‌మిల్లు శేషగిరిరావుగారి కూతురు. చిన్నప్పుడు మాస్టారింటికొచ్చి ఇంగ్లీషు చెప్పించుకుంది, ఇప్పుడు బెంగుళూరులోనే ఉద్యోగం. సూర్యతేజ అనే అబ్బాయితో పెళ్లి కుదిరింది.

"మాస్టారూ, రిసెప్షన్‌కి లైవ్ బ్యాండు పెట్టిస్తున్నాం. ఎవరో చెప్పుకోండి."

"ఎవరమ్మా?"

"మీ రెజ్జీ లోబో. ఇప్పుడు కొత్త కుర్రాళ్లతో పెళ్లిళ్లకి పాడుతున్నారు మాస్టారూ. పేరు చూడగానే మీరే గుర్తొచ్చారు."

పెళ్లిళ్లకి పాడుతున్నారన్న ముక్క అంతోనయ్య చెవిన పడలేదు. రెజ్జీ లోబో తిరువూరు వస్తున్నాడన్నదే పడింది. ఆ సాయంత్రానికల్లా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వార్త తిరిగింది. అంకారావు అనే శిష్యుడు, ఊళ్లో కిరాణా షాపు నడుపుతాడు, "మాస్టారూ, మళ్లీ వానొస్తుందంటారా?" అని పెట్టాడు. మాస్టారు విజయవాడ నుంచి నల్ల టీషర్టు తెప్పించుకున్నాడు. వేసుకుని అద్దం ముందు నిలబడితే పొట్ట దగ్గర పట్టేసింది.

"ఊపిరి బిగబట్టి నిలబడితే బానే ఉంది," అంది ప్రేమావతి. "కానీ పాడేటప్పుడు ఊపిరి కావాలిగా?"

రిసెప్షన్ రోజు మధ్యాహ్నమే ఆయన విస్సన్నపేట రోడ్డులో ఉన్న ఫంక్షన్ హాలుకి వెళ్లాడు. ఏసీలు ఇంకా వేయలేదు. స్టేజి మీద ముగ్గురు కుర్రాళ్లు వైర్లు కలుపుతున్నారు. భోజనాల హాల్లో ఒక మూల బట్టతల పెద్దాయన ఒకడు నిక్కరు వేసుకుని, అరిటాకు ముందు కూర్చుని మామిడికాయ పప్పు కలుపుకుంటున్నాడు. రెజ్జీ లోబో ఎక్కడున్నాడని అంతోనయ్య ఆయన్నే అడిగాడు.

"నేనే," అన్నాడాయన ఇంగ్లీషులో. "భోంచేశారా?"

అంతోనయ్య ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు. చెప్పాల్సిన మాటలన్నీ ఇంగ్లీషులో రాసుకుని బట్టీ పట్టి వచ్చాడు గానీ, నోట్లోంచి "1986, వాన" అనే రెండు ముక్కలే ఊడిపడ్డాయి.

లోబో ముద్ద చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. "ఆ షోకి వచ్చారా మీరు? అయ్యో పాపం."

"అదేంటి సార్! నా జీవితంలో అంత గొప్ప కచేరీ చూడలేదు."

"నా జీవితంలో అంత దరిద్రమైన కచేరీ చేయలేదు ప్రొఫెసర్. ఆంప్లిఫయరు తడిసి షాకు కొడుతోంది. కింద నిలబడితే నీళ్లలో కరెంటు."

"మీరు స్పీకరు మీద కాలు పెట్టి..."

"ఇంకెక్కడ పెట్టను? రెండో కాలు పెట్టడానికి చోటు లేక ఒకటే పెట్టా."

అంతోనయ్య నవ్వడానికి ప్రయత్నించాడు. "జనం మాత్రం యాభై... చాలామంది ఉన్నారు."

"మూడొందల మంది. అందులో సగం పక్కన బస్టాపులో చోటు చాలక మా షామియానా కిందికి వచ్చినవాళ్లు. బస్సు రాగానే సగం షామియానా ఖాళీ. మీరెందుకు వెళ్లలేదు?"

"మీరు నది పాట పాడుతున్నారు సార్." ఇక్కడికొచ్చేసరికి అంతోనయ్యకు కాస్త ధైర్యం వచ్చింది. పాట తనది కాకపోయినా అర్థం తనదే. "నో కింగ్ బై ద రివర్. ఆ ఒక్క లైను మీద నేను బతికాను సార్."

లోబో మొహం చిట్లించి ఆలోచించాడు. పెదాలు కదిపి లోపల్లోపల పాడుకుని చూసుకున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"నో డ్రింకింగ్! ప్రొఫెసర్, అది నో డ్రింకింగ్ బై ద రివర్. శ్రీరంగపట్నం దగ్గర కావేరి గట్టున పోలీసువాళ్ల బోర్డు. మేం నలుగురం బీరు తాగుతూ దొరికిపోయాం. జరిమానా కట్టించుకుని సీసాలు కూడా తీసేసుకున్నారు. ఆ మంటలో రాసిన పాటది. ఆ 'డ్రిం' దగ్గర మా డ్రమ్మర్ గట్టిగా కొట్టేవాడు, ఇక 'కింగ్' ఒక్కటే వినపడేది, ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. పోయాడు పాపం."

లోపలికి కూరలు తెస్తున్న వంటవాళ్లకు అడ్డంగా ఉన్నానని కూడా అంతోనయ్యకు తెలియలేదు. "మళ్లీ కలుస్తా సార్" అని లేచి బయటికొచ్చాడు. ఎండ మండిపోతోంది. ఆటో కోసం చెయ్యెత్తడం కూడా మర్చిపోయి ఇంటిదాకా నడిచేశాడు.

ప్రేమావతి మామిడికాయలు తుడుస్తోంది. మొగుడి మొహం చూసి మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది. ఆయన మొత్తం చెప్పాడు. చివర్న, "నేను రాను రిసెప్షన్‌కి. నువ్వెళ్లిరా" అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకేంటి ప్రేమా? ఒక తాగుబోతుల బోర్డు పట్టుకుని పెనుగొలనుకి బదిలీ అయ్యాను. దాని మీద ఎంతమంది పిల్లలకి పాఠాలు చెప్పాను! ఊరందరి చేతా అనిపించాను."

ప్రేమావతి చేతిలో కాయని పూర్తిగా తుడిచి బుట్టలో పెట్టింది. "ఆ రోజు ఎండలో నిలబడ్డ పిల్లల్లో ఎవరైనా బీరు గురించి అడిగారా మిమ్మల్ని?"

"లేదు."

"నీళ్లడిగారు. మీరిచ్చారు. ఇంకో గంట అక్కడే ఉంటే ఆ పిల్లలు నా వార్డుకొచ్చేవాళ్లు. సెలైన్లు కూడా లేవు ఆ రోజు మా దగ్గర. బీరు తాగనివ్వలేదని ఆ గాయకుడు పాట కట్టుకున్నాడు. మీకు ఇంకోలా వినపడింది. వినపడ్డది మంచిదేగా? నేను మీకు రోజూ ఎన్ని చెబుతాను, ఒక్కటైనా అంత బాగా వినపడిందా?"

ఆయన గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాడు.

"ఆ టీషర్టు మాత్రం వద్దు," అందావిడ లేస్తూ. "తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను."

సాయంత్రం హాలు కిటకిటలాడుతోంది. స్టేజి మీద కన్యక, సూర్యతేజ నిలబడి ఉన్నారు. ఫొటోలు దిగేవాళ్ల వరస తలుపు దాకా ఉంది. వాళ్ల పక్కన ఇంకో చిన్న స్టేజి మీద లోబో బృందం వాయిస్తోంది. నల్ల కోటు, నెత్తిన టోపీ. మధ్యాహ్నం నిక్కరులో చూసిన మనిషేనా అన్నట్టున్నాడు. గొంతు మాత్రం ఎవరికీ సరిగ్గా వినపడటం లేదు. శేషగిరిరావుగారు ముందే చెప్పి పెట్టాడట, భోజనాల దగ్గర మాటలు వినపడాలి, సౌండు తగ్గించమని. ఒక పాట అయ్యాక ఎవరో ఒకాయన వెళ్లి, తెలుగు పాటలు రావా అని అడిగాడు. ఇంకొకాయన, డీజే ఎప్పుడు మొదలవుతుందని అడిగాడు. లోబో ఇద్దరికీ నవ్వుతూ దణ్ణం పెట్టాడు.

అంతోనయ్య వెనక వరసలో, స్తంభం చాటున కూర్చున్నాడు. ఆ పెద్దాయన అలవాటుగా దణ్ణం పెట్టడం చూస్తే, తన సంగతి పక్కకు పోయి, ఆయన మీద జాలి వేసింది.

ఇంతలో లోబో మైకులో గొంతు సవరించుకున్నాడు. "ఈ పాట ఈ ఊళ్లో ఉన్న ఒక ప్రొఫెసర్ కోసం," అన్నాడు. "చాలాకాలంగా దీన్ని నేనే తప్పు పాడుతున్నానని ఇవాళే తెలిసింది."

గిటారు మొదలైంది. లోబో కళ్లు మూసుకుని పాడాడు. ఆ చోటుకి రాగానే, ఏ అనుమానం లేకుండా, స్పష్టంగా అన్నాడు: 'నో కింగ్ బై ద రివర్!'

ఫొటోల వరసలోంచి ఎవరో అందుకున్నారు. ఎవరా అని చూస్తే అంకారావు. అతని పక్కన మామిడి కాయల సురేష్ బాబు. ప్లేటులో బిర్యానీ పట్టుకున్న సచివాలయం బ్లెస్సీ. పాసివ్ వాయిస్ రాని తిరువూరంతా లేచి నిలబడింది. వాళ్లకు ఆ పాటలో వచ్చింది ఆ ఒక్క లైనే. కానీ దాన్ని చిన్నప్పుడు ఎంత గొంతు చించుకుని అన్నారో అంత గొంతూ పెట్టి అన్నారు. పెళ్లికూతురు కూడా దండ సవరించుకుంటూ అంటోంది. లోబో పాడటం ఆపేసి మైకు జనం వైపు తిప్పాడు. జనం తన పాటను తనకే తిరిగి పాడటం ఆయన అంతకుముందెప్పుడూ చూడలేదని మొహం మీదే తెలిసిపోతోంది.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర కలకలం రేగింది. ఒక పార్టీ నాయకుడు అనుచరులతో దిగాడు. తెల్ల ఖద్దరు, నుదుటి మీద చెమట. లోపల అడుగు పెట్టేసరికి హాలంతా లేచి నిలబడి ఒక్క గొంతుతో 'కింగ్! కింగ్!' అంటోంది. ముందున్న 'నో' ఆ హోరులో ఆయన దాకా రాలేదు. నాయకుడు ఒక్క క్షణం నిలబడిపోయాడు. తర్వాత మొహం విప్పారింది. రెండు చేతులూ ఎత్తి అందరికీ నమస్కారం పెట్టాడు. జనం ఇంకోసారి అన్నారు. ఆయన ఇంకోసారి పెట్టాడు. అనుచరులు కూడా తాళం వేస్తూ అందుకున్నారు. అలా ముందు నడుస్తూ, వెనక పాడించుకుంటూ స్టేజి దాకా వెళ్లాడు.

"ఏంటి రావుగారూ ఇదంతా? నా కోసం పాట కూడా కట్టించారా?" అన్నాడు శాలువా కప్పించుకుంటూ.

శేషగిరిరావుగారు వ్యాపారస్తుడు. రెప్ప కూడా వేయకుండా, "మీరొస్తున్నారంటే ఆ మాత్రం చేయమా అండి? బెంగుళూరు నుంచి పిలిపించాం" అన్నాడు.

స్తంభం చాటున అంతోనయ్యకు ఇదంతా చూసి ముందు కోపం రాబోయింది. కానీ పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఒకప్పుడు ఏ మాటకైతే తనని ఊళ్లు తిప్పారో, ఆ మాటకే ఈయన చేతులెత్తి దణ్ణాలు పెడుతున్నాడు. తనకు ఒకలా వినపడింది, ఆయనకు ఇంకోలా వినపడింది. తప్పు వినడంలో తనకన్నా పెద్దవాళ్లున్నారు. పక్కన ప్రేమావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. ఆయన లేచి నిలబడి, మిగతా పాటంతా, రెండు చరణాలూ, ఒక్క ముక్క పోకుండా పాడాడు. శ్రుతి కుదరలేదని ప్రేమావతి తర్వాత చెప్పింది.

పాట అయ్యాక ఇంకొకటి పాడమని జనం అరిచారు. అప్పటికే డీజేవాళ్లు వచ్చేశారు. లోబోకి పూలబొకే ఇచ్చి దింపేశారు.

మర్నాడు పొద్దున బ్యాండు వ్యాను మాస్టారి గుమ్మం ముందు ఆగింది. కన్యక అడ్రసు చెప్పి పంపిందట. అంతోనయ్య ఉన్నపళంగా కుర్చీలు దులిపాడు. ఎన్నో ఏళ్లుగా దాచుకున్న ప్రశ్నలు ఆయన దగ్గర చాలా ఉన్నాయి. మొదటి గిటారు ఎక్కడ కొన్నారు, ఆ రెండో పాటలో విజిలు ఎవరు వేశారు, బ్యాండు ఎందుకు విడిపోయింది. అన్నీ ఇంగ్లీషులో వరసగా పేర్చుకున్నాడు.

లోబో లోపలికి వస్తూనే ఆగి, గాలి గట్టిగా పీల్చాడు. "ఆవకాయ పెడుతున్నారా తల్లీ?" అన్నాడు, తెలుగులో.

ప్రేమావతి వంటింట్లోంచి బయటికొచ్చింది. "మీకు తెలుగొచ్చా?"

"మాది కోలారు. మా పక్కింటివాళ్లంతా తెలుగోళ్లే. మా అమ్మ వాళ్ల దగ్గరే నేర్చుకుంది ఇది పెట్టడం. ఆమె పోయాక నేను పెడితే నెలకే బూజు పడుతోంది."

"తడి తగిలుంటుంది. కాయ తుడిచాక ఆరబెడుతున్నారా?"

"ఎంతసేపు ఆరబెట్టాలి?"

అంతే. లోబో కోటు విప్పి కుర్చీకి తగిలించి, ముక్కల పళ్లెం ముందు పీట మీద కూర్చున్నాడు. ఉప్పెంత, కారమెంత, నూనె ఎప్పుడు పోయాలి అని ఇద్దరూ వాదనలో పడ్డారు. అంతోనయ్య గుమ్మంలో నిలబడి, ఒక సందు దొరికితే మొదటి గిటారు సంగతి అడుగుదామని రెండుమూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అక్కడ నిలబడే బదులు అంకారావు షాపుకెళ్లి ఆవపిండి పట్టుకురండి," అంది ప్రేమావతి తల ఎత్తకుండా. "ఈయనకీ ఒక సీసా కలిపిద్దాం."

ఆయన సంచీ తీసుకుని మెట్లు దిగాడు. గేటు దాకా వెళ్లేసరికి వెనక నుంచి పిలుపు వినపడింది.

"ప్రొఫెసర్! మెంతులు కూడా!"

మెంతులేనా అని ఆయన వెనక్కి తిరిగి అడిగాడు. మెంతులే అని లోపల్నుంచి ఇద్దరూ ఒకేసారి అరిచారు. సరేనన్నట్టు చెయ్యూపి, సంచీ చంకన పెట్టుకుని అంతోనయ్య మెయిన్‌రోడ్డు వైపు నడిచాడు.